వ్రేలిముద్రయు స్వరాజ్యమును

తెలుగునాట చదువురానివానిని తక్కువచేసి పలుకు మాట యొకటి కలదు: “వేలిముద్రగాడు.” తెలంగాణపు పల్లెలలో ఆ ముద్రకు “నిశాని” యని పేరు. షావుకారు చూపిన కాగితముపై నిశాని వేసి, అందేమి వ్రాసియున్నదో యెరుగక, తాత తీసికొన్న అప్పునకు మనుమడు జీతముండిన కుటుంబములు ఈ సీమలో నెన్నియో యుండెను. అందుచేతనే మన పెద్దలు గ్రంథాలయములు నెలకొల్పిరి, రాత్రిపాఠశాలలు నడపిరి, బొటనవ్రేలికి సిరా పూయు కాలము పోయి చేతికి కలము వచ్చు కాలము రావలెనని కోరిరి. ఆ కోరిక చాలవరకు నెరవేరినది. కాని నేడు చిత్రమైన సంగతి యొకటి జరుగుచున్నది. సంతకము నేర్చినవాడును, నేర్వనివాడును, పట్టపరీక్షలు గెలిచినవాడును, పలక పట్టనివాడును అందరును మరల బొటనవ్రేలు చాపవలసి వచ్చినది. ఈమారు చాపుమనుచున్నది షావుకారు కాదు, యంత్రము.

మేము యంత్రవైరులము గాము. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఇల్లందు బొగ్గుకొరకు ఈ ప్రాంతమునకు రైలుమార్గము వచ్చినప్పుడు కీడును వచ్చినది, మేలును వచ్చినది. విద్యుద్దీపము వచ్చినప్పుడు, బస్సు వచ్చినప్పుడు, చేతిలో నిముడు ఫోను వచ్చినప్పుడు లోకము తలక్రిందగునని భయపడినవారు కలరు. లోకము తలక్రిందు కాలేదు. హైదరాబాదులో కూలికి పోయిన కుమారుని కంఠమును తండాలోని తల్లి ప్రతిరాత్రియు వినగలుగుట సామాన్యమైన మేలు కాదు. కావున యంత్రము కావలయునా వలదా యను పాతవాదమును మేమిచ్చట ఎత్తబోము. మేమడుగునది ఒక్కటే ప్రశ్న. యంత్రము “కాదు” అన్నప్పుడు మనుష్యుడు ఎవరిని అడుగవలెను?

తిరుమలాయపాలెము ఖమ్మమునుండి వరంగల్లునకు పోవు బాటమీది ఊరు. దాని చుట్టును మెట్టచేలు, వాని నడుమ లంబాడీ తండాలు. అటనుండి తూర్పుగా పోయి, కొత్తగూడెము దాటి భద్రాచలము చేరులోపల చేలు పలుచనై అడవి చిక్కనగును. తండాలు తరిగి కోయగూడెములు కనబడును. ఈ దారి పొడవునను బ్రదుకు చేతివ్రేళ్లమీదనే నడచును. కార్తీకమునుండి ప్రత్తి తీయుట. మాఘఫాల్గుణములలో మిరపకాయ లేరుట. ఎండలు ముదిరిన పిమ్మట అడవిలో తునికాకు కోసి, కట్టకు 50 ఆకుల చొప్పున పేర్చి కట్టుట. ప్రత్తికాయ ముండ్లకు వ్రేలికొనలు చీలును. మిరపఘాటునకు చర్మము మండి పొరలు లేచును. వయస్సు మీరినకొలది చర్మములోని తేమ తగ్గి వ్రేలిపైనుండు సన్నని గీతలు అణగిపోవును. ఇట్లు కష్టము చేసి గీతలను పోగొట్టుకొన్న వ్రేలినే “నీ వెవరవో నీ గీతలు చూపి నిరూపించుకొనుము” అని యంత్రము అడుగుచున్నది. ఎక్కువ కష్టపడిన చేయి దానికి ఎక్కువ అపరిచితము.

నెల మొదటివారమున ఈ ప్రాంతపు పల్లెలోని చౌకధరల దుకాణము ముందు కొంతసేపు నిలుచున్నవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. సంచి చంకన బెట్టుకొని యొక ముసలమ్మ వచ్చును. దుకాణదారుడు ఆమెను చిన్ననాటినుండి ఎరిగినవాడే; ఆమె పెనిమిటి పేరు, బిడ్డల పేర్లు, ఇంటిముందరి వేపచెట్టు కూడ నెరిగినవాడే. కాని ఆ యెరుక ఇపుడు చెల్లదు. “అవ్వా, ఇంకో వేలు పెట్టు” అనును. ఆమె వ్రేలిని కొంగుతో తుడిచి పెట్టును, తడిచేసి పెట్టును, తలకు రాచి పెట్టును. పదివ్రేళ్లును అయిపోవును. యంత్రము ఎఱ్ఱని వెలుగు చూపును. లేదా సిగ్నలు లేదనును. “రేపు రా, అవ్వా.” రేపనగా ఒకదినపు కూలి పోవుట. ఆమె ఎవరిపైనను కోపపడదు. తన వ్రేలిదే తప్పు కాబోలునని దానివంక చూచుకొనుచు ఇంటికి పోవును. ఆ చూపే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది. ఆ దుకాణదారుని మేము నిందింపము. అతడును ఆ యెఱ్ఱవెలుగునకు లోబడినవాడే.

ఈ వ్రేలిముద్ర చరిత్ర మన దేశమునకు క్రొత్తది కాదు. నిజము చెప్పవలెనన్న ఇది మన గడ్డమీదనే పుట్టిన పాలనసాధనము. 1858లో బంగాళాదేశపు జంగీపూరులో విలియం హెర్షెల్ అను ఆంగ్లోద్యోగి, బాటకు కంకర తోలుటకు రాజ్యధర్ కొనాయి అను గుత్తదారునితో ఒప్పందము వ్రాయించుకొనుచు, అతని అరచేతికి సిరా పూసి కాగితము వెనుక ముద్ర వేయించెను. సంతకమును కాదనకుండ అతనిని భయపెట్టుటయే తన తలంపని హెర్షెల్ పిమ్మట తానే చెప్పుకొనెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. ఆ ముద్రలను వర్గములుగా విడదీసి వెదకు పద్ధతికి లోకము ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టినది. ఆ పద్ధతికి వలసిన గణితమును తీర్చి పెట్టినవారు మనవారైన అజీజుల్ హక్, హేమచంద్ర బోసులు. ప్రజల మాటను నమ్మని ప్రభుత్వము, ప్రజల శరీరమును నమ్ముటకు కనిపెట్టిన ఉపాయమిది. పరాయి ప్రభుత్వమునకు అది సహజము. స్వరాజ్యమునకు అది ఎంతవరకు తగునన్నదే విచార్యము.

ఈ విచారమును మనకంటె ముందు చేసినవారు గాంధీమహాత్ములు. 1906లో ట్రాన్సువాలు ప్రభుత్వము అచ్చటి ఆసియావాసులందరును వ్రేలిముద్రలిచ్చి పట్టీలలో పేర్లు వ్రాయించుకొనవలెనని శాసనము తలపెట్టగా, సెప్టెంబరు 11వ తేదీన జోహాన్సుబర్గులో జరిగిన సభలో భారతీయులు దానికి లొంగమని ప్రతిజ్ఞ చేసిరి. సత్యాగ్రహమునకు అదియే పురిటిగడ్డ. 1860 మొదలుకొని మదరాసు రేవునుండి ఒడంబడికకూలీలుగా దక్షిణాఫ్రికాలోని నటాలునకు పోయినవారిలో మన తెలుగువారును వేలకొలదిగా నుండిరి గనుక ఆ గాథ మనకు పరాయిది కాదు. అందులో మరువరాని సూక్ష్మమొకటి యున్నది. 1908లో నిర్బంధమును తొలగింతుమని మాట యిచ్చినమీదట గాంధీగారు తామే స్వచ్ఛందముగా వ్రేలిముద్రలిచ్చిరి. అందుకై తమవారిచేతనే దెబ్బలు తినిరి. ప్రభుత్వము మాట తప్పగానే అదే సంవత్సరము ఆగస్టు 16వ తేదీన రెండువేలకు పైగా పత్రములను మంటలో వేయించిరి. అనగా ఆయన ద్వేషించినది ముద్రను కాదు, ముద్ర వెనుకనున్న నిర్బంధమును. నమ్మి యడిగినచో ఇచ్చెను. నమ్మక అడిగినచో కాల్చెను. ఈ భేదమును చదువరులు గుర్తుంచుకొందురు గాక.

ఇక మన తెలంగాణము సంగతి. నిజాము రాజ్యమున వెట్టిచాకిరి, నాగులు, అక్రమ వసూళ్లు సాగినంతకాలము వానికి అండగా నిలిచినది రైతుకు చదువురాని కాగితము. పట్వారీ వ్రాసినదే భూమి. పటేలు చెప్పినదే న్యాయము. ఆ చీకటిని పోగొట్టుటకే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. 1934లో పులిజాల వెంకటరంగారావుగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ ఖమ్మములో సమావేశమయ్యెను. 1945లో మరల ఖమ్మమందే జరిగెను. పఠనాలయములో ఒకడు పత్రిక పైకి చదువుచుండ పదిమంది వినుట, విన్నది ఊరిలో చెప్పుకొనుట, చెప్పుకొన్నదానిపై అర్జీ వ్రాయుట — ఇట్లు అక్షరము అడుగువానిని పుట్టించినది. సంతకము కేవలము గీత కాదు. “నేను చదివితిని, ఒప్పుకొంటిని” అనియు, “ఒప్పుకొనను” అనియు చెప్పగల హక్కు అందున్నది. వ్రేలిముద్రకు ఆ నోరు లేదు. అది “వీడే” అని మాత్రము చెప్పగలదు. “వీడేమనుచున్నాడు” అన్నది చెప్పలేదు.

అక్షరమునకు గల ఈ బలము పుస్తకములలోని మాట కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట యందు 1990 తరువాతి సంవత్సరములలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు, తమ వాచకములోని పాఠమును చదివి, తమ బ్రదుకును అందులో చూచుకొని, ఊరి సారాదుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట ప్రాకెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశములో సారా అమ్మకము నిషిద్ధమయ్యెను. నిన్నటివరకు నిశాని వేసిన చేతులు ప్రభుత్వముచేత శాసనము వ్రాయించినవి. చదువు వచ్చినచో కూలివానికి ఏమి వచ్చునని యడుగువారికి ఇంతకంటె వేరు జవాబు అక్కరలేదు.

మరి యంత్రపు వ్రేలిముద్రవలన మేలే లేదా? ఉన్నది. దానిని దాచుట పత్రికాధర్మము కాదు. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో గ్రామీణ ఉపాధి హామీ పథకము ఆరంభమైన పిమ్మట, కూలిడబ్బు నడుమనే కరగిపోవుచున్నదన్న మొర దేశమంతట వినబడెను. అప్పటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వ్రేలిముద్రతో కూడిన స్మార్టుకార్డులను ఇచ్చి, ఊరిలోనే డబ్బు చెల్లించు ఏర్పాటు చేసెను. ఖమ్మముతో కలిపి ఎనిమిది జిల్లాలలోని 157 మండలములలో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దానిని పరీక్షించిరి. కూలి త్వరగా చేతికి వచ్చెను. నడుమ మ్రింగబడు సొమ్ము 41 శాతము తగ్గెను. నూటికి తొంబదిమందికి పైగా కూలీలు పాతపద్ధతికంటె ఇదియే మేలనిరి. ఇది మన జిల్లా ప్రజలు స్వయముగా చెప్పిన సాక్ష్యము. దీనిని త్రోసివేయువాడు పేదల పక్షమున నున్నానని చెప్పుకొనజాలడు.

కాని ఆ యేర్పాటులో ఒక ద్వారము తెరచియుండెను. కార్డు లేనివానికి, వ్రేలు కలియనివానికి పాతపద్ధతిని చెల్లించుట మానలేదు. రెండేండ్లు గడచిన పిమ్మటను చెల్లింపులలో సుమారు సగము మాత్రమే కార్డుద్వారా జరిగెను. దొంగను పట్టుటకు కావలిని పెట్టిరి గాని, ఇంటివానిని వెలుపల నిలుపలేదు. ఇదే పండితులు అనంతరము ఝార్ఖండు రాష్ట్రమున రేషనుబియ్యమునకు ఆధారు వ్రేలిముద్రను తప్పనిసరి చేసిన విధమును పరీక్షించిరి. అచ్చట మొదట లంచము తగ్గలేదు. ప్రజలకు తిరుగుడు పెరిగెను. ఆధారు ముడిపడని కుటుంబములకు అందు బియ్యము సగటున పదవవంతు తగ్గెను. పిమ్మట యంత్రపు లెక్కనుబట్టి దుకాణములకు సరకు కోసివేయగా దుర్వ్యయము తగ్గినమాట నిజమే. దానితోపాటు ప్రజలకు చేరు బియ్యమును తగ్గినది. యంత్రమొక్కటే, వ్రేలొక్కటే. ఒకచోట మేలు, ఒకచోట కీడు ఏల కలిగెను? ఒకచోట అది సేవకుడు. రెండవచోట అది ద్వారపాలకుడు. భేదము యంత్రములో లేదు, దానికిచ్చిన అధికారములో నున్నది.

ఈ భేదమును మా పాఠకులు కండ్లార చూడగోరినచో దూరము పోనక్కరలేదు. తిరుమలాయపాలెము మండలము వానకు ముఖము వాచిన మెట్టసీమ. ప్రక్కనే పాలేరు జలాశయము నిండుగ నున్నను నేల ఎత్తుగానుండుటచేత నీరు ఎక్కలేదు. నేలకొండపల్లి బిడ్డయైన కంచెర్ల గోపన్నగారి పేరిట భక్తరామదాసు ఎత్తిపోతల పథకమును 2016 ఫిబ్రవరిలో ఆరంభించి, ఏడాదిలోపుగనే, 2017 జనవరి 31వ తేదీన నడపిరి. పంపులు నీటిని పైకెత్తెను. ఎండిన చెరువులకు కళ వచ్చెను. అదియు యంత్రమే, అదియు విద్యుత్తుతోనే నడచును, అందులోని ఇంజనీరుశాస్త్రము సామాన్యునికి తెలియదు. అయినను దానియెదుట రైతు దీనుడు కాడు. ఏలయన, పంపు ఆగినచో కాలువ ఎండును; అందరికిని కనబడును; పదిమంది కలిసి పోయి “నీ రేల రాలేదు?” అని యడుగుదురు. జవాబు చెప్పవలసిన ఇంజనీరు ఒకడుండును, నిలదీయవలసిన శాసనసభ్యుడు ఒకడుండును. దాని తప్పు ఊరందరి తప్పిదము కాదని ఊరందరికిని తెలియును.

వ్రేలిముద్రయంత్రము సంగతి వేరు. అది ఊరినంతటిని ఒక్కమారు కాదనదు. నూరుమందిని ఔనని యొక్కరిని కాదనును. ఔననిపించుకొన్న తొంబదితొమ్మిదిమంది బియ్యము తీసికొని పోవుదురు. కాదనిపించుకొన్న యొక్కతె ఒంటరిగా నిలుచును. కాలువ ఎండినచో అది ప్రజాసమస్య; వ్రేలు కలియనిచో అది ఆ ముసలమ్మ సొంత దురదృష్టము. పైగా ఎవరు కాదనబడుదురు? ముసలివారు, కష్టజీవులు, కుష్ఠాదిరోగములచేత వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు, సిగ్నలు చేరని అడవిగూడెములవారు — అనగా ఒంటరిగా నిలిచి గొంతెత్తుటకు అందరికంటె తక్కువ బలము గలవారు. నీరు ఆగినచో ఊరు లేచును. వ్రేలు ఆగినచో ఊరు లేవదు. నేటి యంత్రయుగములోని అన్యాయపు స్వభావమెల్ల ఇందులోనే యున్నదని మా యభిప్రాయము. అది జనసమూహమును కొట్టదు. ఒక్కొక్కరిని విడదీసి కొట్టును. అందుచేతనే దానికి ఎదురుగా సభలు జరుగవు.

కుటుంబములు మారుటయు దీనికి తోడైనది. ఒకప్పుడు ఇంటనున్న కొడుకో కోడలో పోయి బియ్యము తెచ్చెడివారు. నేడు పిల్లలు హైదరాబాదునకును, బెజవాడకును బ్రదుకుతెరువునకు పోయిరి. ఇండ్లలో వృద్ధులు మిగిలిరి. 2021 ఆరంభమున కరోనాభయముచేత తెలంగాణపు దుకాణములలో వ్రేలిముద్రకు మారుగా కనుపాపయు, ఫోనునకు వచ్చు అంకెలును వాడనారంభించిరి. అంతట ఫోనుసంఖ్య ఆధారునకు ముడిపడనివారు మీసేవా కేంద్రములముందు బారులు తీరిరి. ఫోను ఎవరిది? పట్టణమున నున్న కొడుకుది. అంకెలు వచ్చునది అతనికి; ఆకలి యగునది తల్లికి. ఒక సాధనము విఫలమైనచో ఇంకొక సాధనమును తెచ్చుటయే పరిష్కారమని తలచు పాలకులకు ఇంటిలోనివారి బ్రదుకు కనబడుటలేదని చెప్పుటకు ఇదియే నిదర్శనము.

పూర్వకాలమే మేలని మేమనుటలేదు. పూర్వము పట్వారీకి ప్రజల ముఖములు తెలియును. ఆ తెలివితోడనే ప్రజల భూములు తన పేర వ్రాసికొనెడివాడు. ముఖపరిచయము న్యాయమునకు హామీ కాదని తెలంగాణమున కంటె ఎక్కువ తెలిసినవారు లేరు. కాని ఆనాటి దౌర్జన్యమునకు ముఖముండెను. దొరగడి ఎక్కడనో అందరికిని తెలియును. అందుచేతనే దానిముందు నిలిచి పోరాడగలిగిరి. నేటి తిరస్కారమునకు ముఖము లేదు. దుకాణదారుడు యంత్రమనును, యంత్రమును తెచ్చిన కంపెనీ సిగ్నలనును, తహశీలుదారుడు పైనుండి వచ్చినదనును, పైవారు లెక్కలన్నియు సరిగనే యున్నవందురు. తప్పు చేసినవాడు ఎవడును లేడు. కడుపు మాడినది మాత్రము ఒకతెకు. అధికారమునకు జవాబుదారి లేకపోవుటకే పరపాలనమని పేరు. దానిని నడుపువాడు మనవాడైనను, తెలుగులోనే మాటలాడినను పేరు మారదు.

న్యాయస్థానములు ఈ విషయమున మౌనముగా లేవు. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల పీఠము వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని తీర్పు చెప్పెను. 2018 సెప్టెంబరు 26వ తేదీన ఆధారు శాసనమును అధికసంఖ్యాకులు నిలిపిరి. జస్టిస్ చంద్రచూడుగారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. నిలిపినవారును, గుర్తింపు విఫలమైనంతమాత్రమున అర్హునికి రావలసినది నిలుపరాదనియు, వేరుమార్గమున నిరూపించుకొను అవకాశ మీయవలెననియు స్పష్టపరచిరి. అంతకుముందే 2017 అక్టోబరు 24వ తేదీన కేంద్రప్రభుత్వము ఇట్టి ఉత్తరువునే రాష్ట్రములకు పంపెను. తెలంగాణములో 2016 వరకు రద్దుచేయబడిన సుమారు 19 లక్షల రేషనుకార్డుల విషయమున, గణకయంత్రపు లెక్కను నమ్మి ఇంటికి పోయి చూడకయే కార్డులు తీసివేసిరన్న వాదము విని, 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు క్షేత్రస్థాయి పునర్విచారణకు ఆదేశించెను. కాగితముమీద ధర్మము చక్కగనే యున్నది. ఆ కాగితము పల్లెలోని దుకాణముగోడ చేరలేదు. చేరినను దానిని చదివి వినిపించువారు లేరు.

“దొంగకార్డుల నేమి చేయుమందురు? కావలి లేకున్న బియ్యమంతయు నల్లబజారునకు పోవదా?” అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. 2025 ఉగాది మొదలుకొని తెలంగాణ ప్రభుత్వము మనిషికి ఆరుకిలోల సన్నబియ్యము నిచ్చుచున్నది, ఇది ప్రజాధనము, దానిని దొంగ తినరాదు. కాని బియ్యము దొంగిలించువాడు ఎంతటివాడు? మిల్లులో, గోదాములో, లారీలో బస్తాలకొలది తరలించువానికి వ్రేలిముద్ర యడ్డము రాదు. ఆరుకిలోల సంచి చంకన బెట్టుకొని వచ్చినదానికి అడ్డము వచ్చును. దొంగను పట్టు నెపమున నిర్దోషినే ప్రతినెలయు నిరూపించుకొమ్మనుట ఏ న్యాయశాస్త్రమునను లేదు. పదిమంది దొంగలను పట్టినందులకు ఒక ముసలమ్మను పస్తుంచుట సరిపోవునని లెక్క వేయువాడు, ఆ ముసలమ్మ తన తల్లియైనచో ఆ లెక్క వేయునా యని తనను తాను ప్రశ్నించుకొనవలెను.

కావున మేము కోరునవి గొప్పకోరికలు కావు. మొదటిది: యంత్రము కాదన్నను ఆ దినమే, ఆ గంటనే బియ్యమీయవలెను, ఇద్దరు ఇరుగుపొరుగువారి సాక్ష్యముతో ఒక పుస్తకములో వ్రాసికొనవలెను, విచారణ పిమ్మట జరుగవచ్చును. ఆకలికి వాయిదా లేదు. రెండవది: ఈయకున్నచో ఏ కారణమున ఈయలేదో తెలుగులో వ్రాసి, ఉద్యోగి పేరుతోను సంతకముతోను చీటి యీయవలెను. ప్రజల వ్రేలిముద్ర పుచ్చుకొను ప్రభుత్వము ప్రజలకు తన సంతకమీయుటకు సిగ్గుపడరాదు. మూడవది: ఇంటికి పోయి చూడనిదే, విననిదే ఏ పేరును పట్టీనుండి కొట్టివేయరాదు. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము. కలియని ప్రతి వ్రేలును యంత్రము తనలో వ్రాసికొనుచునే యున్నది. ఆ పట్టీని నెలనెలయు దుకాణముగోడపై అంటించి గ్రామసభలో పైకి చదువవలెను. ఉపాధి హామీ లెక్కలను ప్రజలయెదుట చదివి తనిఖీచేయు సామాజిక తనిఖీని 2006 నుండి నడపినవారిలో తెలుగువారును ఉన్నారు. నాడు మస్తరుపట్టీని చదివినట్లు నేడు తిరస్కారపుపట్టీని చదువుడు. ఒంటరిగా కాదనబడినవారు సభలో కలిసి కూర్చుండినచో, కాలువ ఎండిననాటివలె వారి కష్టము ఊరి కష్టమగును.

ఇంతవరకు ప్రభుత్వమునకు చెప్పితిమి. మిగిలినది పఠనాలయములలో కూర్చుండి మా పత్రిక చదువు సోదరులకు. ప్రభుత్వము చేయువరకు వేచియుండుట మన పెద్దల పద్ధతి కాదు. నిజాముకాలమున అనుమతిలేనిదే సభ పెట్టుట దుర్లభమైన దినములలో వారు గ్రంథాలయములు నడపిరి. నేడు మన కే యడ్డమున్నది? ప్రతి పఠనాలయమునను ఒక మొరలపుస్తకము పెట్టుడు. చదువుకొన్న యువకుడు నెలకు రెండుదినములు దుకాణమువద్ద నిలిచి, కాదనబడినవారి పేర్లు వ్రాసికొని, అర్జీ వ్రాసి, రశీదు తీసికొనవలెను. 2013 ఆహారభద్రతా శాసనము ప్రతి జిల్లాకు ఫిర్యాదులు విను అధికారి నొకని నియమింపుమన్నది. అతని పేరును, కార్యాలయపు తావును పఠనాలయపు గోడపై పెద్దయక్షరములతో వ్రాయుడు. చేతిలోని ఫోనుతో చలనచిత్రములు చూచుట నేర్చినవారము. అదే ఫోనుతో ఒక అర్జీ పంపుట కష్టము కాదు. యంత్రమును ప్రజలవైపు త్రిప్పుటయనగా ఇదియే.

మన తాతలు నిశాని వేసిరి. అందేమున్నదో వారికి చదివి చెప్పువారు లేకపోయిరి. మనము చదువ నేర్చితిమి. అయినను వ్రేలు చాచి ఎఱ్ఱవెలుగో పచ్చవెలుగో వచ్చువరకు ఊపిరి బిగబట్టి నిలుచుచున్నాము. వ్రేలు చాచుటలో అవమానము లేదు. జవాబు లేకుండ చేయి వెనుకకు తీసికొనుటలో నున్నది. మరుసటి నెల మీయూరి దుకాణమున ఎఱ్ఱవెలుగు వెలిగి, ఒక అవ్వ తన వ్రేలివంక చూచుకొనునప్పుడు, ఆమె ప్రక్కన మీలో నొకడు నిలిచి “ఏల?” అని యడుగునా? అడిగినచో స్వరాజ్యము ఆయూరికి వచ్చినట్లే.